యూనిట్-11: పాత పెట్రోలు ఇంజన్‌లో జ్వలన సమయం, కార్బురేటర్ – సరిచేసే క్రమం

11.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు, నిప్పురవ్వ పిస్టన్ పైకి చేరకముందే ఎందుకు పుట్టాలో లెక్కతో సహా వివరించగలుగుతారు. డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య ఖాళీకి, టైమింగ్‌కు ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు. టెస్ట్ ల్యాంపుతోను, స్ట్రోబ్ లైటుతోను టైమింగ్ సరిచూడగలుగుతారు. కార్బురేటర్ స్లో సెట్టింగ్‌ను టైమింగ్ తరువాతే ఎందుకు చేపట్టాలో కారణాలు చూపగలుగుతారు.

11.1 పరిచయం

షెడ్డుకు పాత అంబాసిడర్ కారు ఒకటి వచ్చిందనుకోండి. పికప్ లేదు, మైలేజీ పడిపోయింది, ఎండలో కాస్త దూరం పోగానే రేడియేటర్ కాగిపోతోంది అని యజమాని ఫిర్యాదు. చాలాచోట్ల మెకానిక్ స్క్రూడ్రైవర్ ముందుగా కార్బురేటర్ మీదికే వెళ్తుంది. అందుకు కారణం ఉంది. కార్బురేటర్ పైనే కనబడుతుంది. దాని స్క్రూను పావు చుట్టు తిప్పగానే ఇంజన్ శబ్దం మారుతుంది. పక్కన నిలబడ్డ యజమానికి ఏదో పని జరుగుతున్నదన్న నమ్మకమూ కలుగుతుంది. కాని ఆ మూడు ఫిర్యాదులూ కలిసి వచ్చినప్పుడు లోపం కార్బురేటర్‌లో కంటే జ్వలన సమయంలో ఉండే అవకాశమే ఎక్కువ. టైమింగ్ తప్పిన ఇంజన్ మీద కార్బురేటర్‌ను సర్దితే అసలు లోపం మరుగున పడుతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. కొన్ని నెలల తరువాత ఎగ్జాస్ట్ వాల్వ్ కాలిపోవడమో, పిస్టన్ దెబ్బతినడమో జరిగినప్పుడుగాని విషయం బయటపడదు.

ఈ యూనిట్‌కు అంబాసిడర్ ఇంజన్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారు ఆధారంగా, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ ఈ కారును 1950ల చివరినుంచి 2014 వరకు తయారుచేసింది. చాలాకాలంపాటు దానిలో వాడిన పెట్రోలు ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ రూపొందించిన బీ-సిరీస్ ఇంజన్. నాలుగు సిలిండర్లు, బోర్ సుమారు 73 మి.మీ., స్ట్రోక్ 88.9 మి.మీ., మొత్తం 1489 సీసీ. జ్వలన క్రమం 1-3-4-2. తరువాత వచ్చిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్ గురించి ఇక్కడ చెప్పడం లేదు. ముంబయి టాక్సీగా పేరుపొందిన ప్రీమియర్ పద్మిని ఇంజన్ 1089 సీసీ. కొలతలు వేరైనా ఇక్కడ చెప్పే సూత్రాలు దానికీ వర్తిస్తాయి.

11.2 నిప్పురవ్వ ముందే ఎందుకు పుట్టాలి?

సక్రమంగా నడిచే ఇంజన్‌లో పెట్రోలు-గాలి మిశ్రమం పేలదు, కాలుతుంది. ప్లగ్ దగ్గర మొదలైన మంట సిలిండర్ అంతటా వ్యాపించడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కొద్ది వ్యవధిలోనే క్రాంక్ షాఫ్ట్ చాలా డిగ్రీలు తిరుగుతుంది. పిస్టన్ సిలిండర్‌లో అన్నిటికన్నా పైకి చేరిన స్థానాన్ని షెడ్లలో టీడీసీ అంటారు. మనమూ ఆ మాటే వాడదాం. మంట వల్ల పుట్టే గరిష్ఠ పీడనం పిస్టన్ టీడీసీ దాటి సుమారు 15 డిగ్రీలు దిగిన వేళ అందితే, కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను బలంగా తిప్పగలుగుతుంది. అంతకన్నా ముందే అందితే పైకి వస్తున్న పిస్టన్‌ను ఎదురు తోస్తుంది. ఆలస్యమైతే దిగిపోతున్న పిస్టన్‌ను వెంటాడుతుంది.

ఒక లెక్క చూద్దాం. నిమిషానికి 800 చుట్లు తిరిగే ఇంజన్‌లో ఒక చుట్టుకు 75 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఒక మిల్లీసెకనుకు 4.8 డిగ్రీలు. నిప్పురవ్వ పుట్టినప్పటినుంచి గరిష్ఠ పీడనం వరకు 4 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, ఆలోగా క్రాంక్ 19.2 డిగ్రీలు తిరుగుతుంది. మనకు కావలసిన 15 డిగ్రీలను తీసివేస్తే, నిప్పురవ్వ టీడీసీకి సుమారు 4 డిగ్రీల ముందు పుట్టాలి. ఇప్పుడు వేగం 3000 చుట్లు అనుకుందాం. ఒక మిల్లీసెకనుకు 18 డిగ్రీలు. మంటకు అదే 4 మిల్లీసెకన్లు పడితే 72 డిగ్రీలు తిరిగిపోతుంది, నిప్పురవ్వ టీడీసీకి 57 డిగ్రీల ముందు కావలసి వస్తుంది. వాస్తవంలో అంత అవసరం లేదు. వేగం పెరిగేకొద్దీ సిలిండర్‌లో గాలి సుడులు పెరిగి మంట త్వరగా పాకుతుంది. 2.5 మిల్లీసెకన్లు చాలుననుకుంటే 45 డిగ్రీలు. 15 తీసివేస్తే 30. ఈ తరం ఇంజన్లలో అధిక వేగంలో కనబడే అడ్వాన్స్ కూడా దాదాపు ఈ స్థాయిలోనే ఉంటుంది. ఇక్కడ తీసుకున్న మిల్లీసెకన్లు లెక్క కోసం ఎంచుకున్నవని, ఇంజన్‌నుబట్టి, భారాన్నిబట్టి అవి మారుతాయని గుర్తుంచుకోండి.

మిశ్రమం చిక్కదనం కూడా మంట వేగాన్ని మారుస్తుంది. పెట్రోలు పూర్తిగా కాలడానికి బరువులో ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలి. అంతకన్నా కొంచెం చిక్కని మిశ్రమం, అంటే 12.5-13 వంతుల గాలి ఉన్నది, అన్నిటికన్నా త్వరగా కాలుతుంది. మిశ్రమం పలుచబడేకొద్దీ మంట మందగిస్తుంది. కాబట్టి టైమింగ్, మిశ్రమం అనేవి వేరువేరు గదుల్లోని విషయాలు కావు. ఒకదాన్ని మార్చితే రెండోదాని అవసరం మారుతుంది. ఈ యూనిట్‌లోని కష్టమంతా ఈ సంబంధంలోనే ఉంది.

టైమింగ్ మరీ ముందుకు జరిగినప్పుడు మరో ప్రమాదం ఉంది. మంట ఇంకా చేరని మూల మిశ్రమం పీడనానికి, వేడికి తట్టుకోలేక ఒక్కసారిగా తనంతట తాను అంటుకుంటుంది. అప్పుడు వినబడే శబ్దం రేకు డబ్బాలో గోళీలు ఆడించినట్టు ఉంటుంది. దీన్నే నాకింగ్ అంటారు. తక్కువ వేగంలో, ఎక్కువ భారంలో ఇది స్పష్టంగా వినబడుతుంది. విశాఖపట్నంనుంచి అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతూ గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ తొక్కితే, టైమింగ్ ఎక్కువైన కారు తన లోపాన్ని తానే చెబుతుంది. టైమింగ్ ఆలస్యమైతే అలాంటి హెచ్చరిక ఉండదు. ఇంజన్ మెత్తగా, నిశ్శబ్దంగానే నడుస్తుంది. మిశ్రమం ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచే వేళకు కూడా కాలుతూ ఉండడంవల్ల వేడి అంతా వాల్వ్‌లోకి, మానిఫోల్డ్‌లోకి, నీటిలోకి పోతుంది. అందుకే ఆలస్యమైన టైమింగ్‌తో కార్లు నెలల తరబడి తిరుగుతుంటాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఇంజన్ నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోంది. నిప్పురవ్వనుంచి గరిష్ఠ పీడనానికి 3 మిల్లీసెకన్లు పడుతుంది. గరిష్ఠ పీడనం టీడీసీ తరువాత 15 డిగ్రీల వద్ద రావాలంటే నిప్పురవ్వ ఎక్కడ పుట్టాలి?
జవాబు: మిల్లీసెకనుకు 12 డిగ్రీల చొప్పున 36 డిగ్రీలు, 15 తీసివేస్తే టీడీసీకి 21 డిగ్రీల ముందు.

11.3 డిస్ట్రిబ్యూటర్ చేసే పని

నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కు రెండు చుట్లకు ఒక నిప్పురవ్వ చాలు. అందువల్ల డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ క్రాంక్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒక డిగ్రీ క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలతో సమానం అన్నమాట. 3000 చుట్ల వేగంలో నాలుగు సిలిండర్లకు కలిపి సెకనుకు 100 నిప్పురవ్వలు కావాలి.

పాయింట్లు మూసి ఉన్నంతసేపు కాయిల్ ప్రైమరీ చుట్టలో కరెంటు ప్రవహిస్తుంది. క్యామ్ అంచు పాయింట్లను తెరిచిన క్షణాన ఆ కరెంటు ఆగి, సెకండరీ చుట్టలో వేల వోల్టులు పుట్టి ప్లగ్ దగ్గర నిప్పురవ్వగా దూకుతుంది. కండెన్సర్ లేకపోతే ఆ నిప్పురవ్వలో కొంత పాయింట్ల మధ్యే వృథా అవుతుంది, పాయింట్లూ త్వరగా గుంటలు పడతాయి.

ఇక్కడ విద్యార్థులు తరచు వదిలేసే విషయం ఒకటుంది. నిప్పురవ్వ పుట్టేది పాయింట్లు తెరుచుకున్న క్షణాన. వాటి మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే క్యామ్ వాటిని కొంచెం ముందే తెరుస్తుంది, తక్కువగా ఉంటే కొంచెం ఆలస్యంగా తెరుస్తుంది. అంటే పాయింట్ల ఖాళీని మార్చిన ప్రతిసారీ టైమింగ్ కూడా మారుతుంది. ఒక్కో సిలిండర్ వంతులో పాయింట్లు మూసి ఉండే కోణాన్ని డ్వెల్ అంటారు. నాలుగు సిలిండర్ల లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌లో ఇది 60 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, ఖాళీ 0.35-0.40 మి.మీ. డ్వెల్ ఒక డిగ్రీ పెరిగితే పాయింట్లు తెరుచుకోవడం అర డిగ్రీ, మూసుకోవడం అర డిగ్రీ చొప్పున జరుగుతాయి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర అర డిగ్రీ క్రాంక్ దగ్గర ఒక డిగ్రీ. కాబట్టి డ్వెల్ ఒక డిగ్రీ పెరిగితే టైమింగ్ ఒక డిగ్రీ వెనక్కిపోతుంది. పాయింట్ల ఫైబర్ మడమ అరిగేకొద్దీ ఖాళీ తగ్గుతూ వస్తుంది. ఎవరూ ఏ స్క్రూ ముట్టకపోయినా కారు నెమ్మదిగా ఆలస్యపు టైమింగ్‌లోకి జారిపోవడానికి ఇదే కారణం. పాయింట్లు సరిచేశాకే టైమింగ్ పెట్టాలి. టైమింగ్ పెట్టాక పాయింట్లు ముట్టుకుంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

వేగాన్నిబట్టి అడ్వాన్స్ పెంచడానికి డిస్ట్రిబ్యూటర్ లోపల స్ప్రింగులతో బిగించిన రెండు చిన్న బరువులుంటాయి. వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని క్యామ్‌ను ముందుకు తిప్పుతాయి. ఏళ్ల తరబడి నూనె చుక్క పడక ఈ బరువులు తుప్పుపట్టి బిగుసుకుపోయిన డిస్ట్రిబ్యూటర్లు చాలా ఉంటాయి. రోటర్‌ను వేలితో దాని దిశలో కొంచెం తిప్పి వదలండి. అది వెంటనే వెనక్కి రావాలి. రాకపోతే ముందు దాన్ని బాగుచేయాలి.

భారాన్నిబట్టి అడ్వాన్స్ మార్చేది వాక్యూమ్ డబ్బా. కారు సమతల రోడ్డు మీద సగం కన్నా తక్కువ యాక్సిలరేటర్‌తో సాఫీగా పోతున్నప్పుడు సిలిండర్‌లోకి చేరే మిశ్రమం తక్కువ. అది నెమ్మదిగా కాలుతుంది, కాబట్టి మరికొన్ని డిగ్రీల అడ్వాన్స్ కావాలి. కార్బురేటర్ థ్రాటిల్ రేకు అంచు దగ్గరి చిన్న రంధ్రంనుంచి వచ్చే పీల్పుడు డబ్బాలోని డయాఫ్రమ్‌ను లాగి ఆ పని చేస్తుంది. డయాఫ్రమ్ చినిగితే పికప్ కంటే ముందు మైలేజీ దెబ్బతింటుంది. గొట్టాన్ని నోటితో పీల్చి, నాలుకతో మూసి చూడండి. పీల్పు నిలబడాలి.

11.4 టైమింగ్ పెట్టే పద్ధతి

ముందుగా ట్యాపెట్లు మాన్యువల్ చెప్పిన ఖాళీకి పెట్టి, ప్లగ్‌లు శుభ్రంచేసి, పాయింట్లు సరిచేసుకోవాలి. ట్యాపెట్లను తేలికగా తీసుకోవద్దు. 2000 సంవత్సరంనాటికి మన దేశంలో పెట్రోలులో సీసం కలపడం ఆగిపోయింది. ఆ సీసం పాత పోత ఇనుప హెడ్లలో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటుకు రక్షణగా ఉండేది. ఇప్పుడు ఆ సీట్లు అరిగి వాల్వ్‌లు లోపలికి దిగుతాయి, ట్యాపెట్ ఖాళీ మూసుకుపోతుంది. పూర్తిగా మూసుకోని వాల్వ్ ఉన్న ఇంజన్‌కు ఏ టైమింగూ కుదరదు.

మొదటి సిలిండర్, అంటే రేడియేటర్ వైపు ఉన్నది, సంపీడన స్ట్రోకులో పైకి వస్తున్నదని నిర్ధారించుకోవాలి. ఆ ప్లగ్ తీసి రంధ్రంపై బొటనవేలు పెట్టి హ్యాండిల్‌తో ఇంజన్ తిప్పితే గాలి వేలిని తోస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూస్తే రోటర్ ఒకటో నంబరు తీగవైపు చూస్తుండాలి. క్రాంక్ పుల్లీ మీది గాడి, టైమింగ్ కవర్ మీది సూచిక కలిసినచోట డిగ్రీలు చదవాలి. సూచికలు చెరిగిపోతే టీడీసీ గుర్తునుంచి కొలుచుకోవచ్చు. పుల్లీ చుట్టుకొలత 400 మి.మీ. అయితే ఒక డిగ్రీకి సుమారు 1.1 మి.మీ.; 5 డిగ్రీలకు 5.5 మి.మీ.

12 వోల్టుల బల్బు ఒక తీగను కాయిల్‌నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే టెర్మినల్‌కు, రెండోదాన్ని ఇంజన్ బాడీకి కలిపి ఇగ్నిషన్ ఆన్ చేయాలి. పాయింట్లు మూసి ఉన్నంతసేపు బల్బు వెలగదు, తెరుచుకున్న క్షణాన వెలుగుతుంది. ఇంజన్‌ను అది నడిచే దిశలోనే నెమ్మదిగా తిప్పుతూ మాన్యువల్ చెప్పిన గుర్తు దగ్గర ఆపాలి. గుర్తు దాటితే కొద్దిగా వెనక్కి తిప్పి ఆపకండి. బాగా వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రావాలి. గొలుసులో, పళ్లలో ఉన్న వదులు అప్పుడే ఒకవైపుకు చేరుతుంది. ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ క్లాంపు వదులుచేసి బాడీని తిప్పుతూ బల్బు సరిగ్గా వెలిగేచోట బిగించాలి. రోటర్ తిరిగే దిశకు ఎదురుగా బాడీని తిప్పితే అడ్వాన్స్, అదే దిశలో తిప్పితే ఆలస్యం. బీ-సిరీస్‌లో పైనుంచి చూస్తే రోటర్ అపసవ్య దిశలో తిరుగుతుంది, కనుక బాడీని సవ్య దిశలో తిప్పడం అడ్వాన్స్ ఇవ్వడం.

బల్బు పద్ధతి నిలిచి ఉన్న ఇంజన్‌ను మాత్రమే చూస్తుంది. బరువులు విచ్చుకుంటున్నాయో లేదో చెప్పేది స్ట్రోబ్ లైటు. వాక్యూమ్ గొట్టాన్ని ఊడదీసి దాని కొస మూసి, లైటు తీగను ఒకటో ప్లగ్ తీగకు తగిలించి, పుల్లీ గాడిలో తెల్ల పెయింట్ చుక్క పెట్టి చూడాలి. వేగం పెంచేకొద్దీ గుర్తు అడ్వాన్స్ వైపు సాఫీగా జరగాలి. ఎగిరెగిరి పడితే డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగిందని అర్థం. చివరి తీర్పు మాత్రం రోడ్డుదే. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ఎత్తు రోడ్డు మీద టాప్ గేరులో 50 కి.మీ. వేగంనుంచి పూర్తిగా తొక్కినప్పుడు నాకింగ్ లీలగా వినబడి వెంటనే మాయమైతే చాలు. కొనసాగితే ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తీయాలి.

లైటు వెలుగులో ఫ్యాన్ రెక్కలు ఆగిపోయినట్టు కనబడతాయి. చొక్కా చేతులు, కండువా, చున్నీ దూరంగా ఉంచుకోవాలి. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజన్ నడపరాదు. ఎగ్జాస్ట్‌లోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

11.5 కార్బురేటర్: స్లో మార్గం, మెయిన్ మార్గం

బెర్నౌలీ సూత్రాన్ని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. కార్బురేటర్ గొంతులో సన్నని చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఫ్లోట్ గదిలోని పెట్రోలు ఆ పీడన భేదంవల్ల జెట్ గుండా లేచి గాలిలో కలుస్తుంది. సోలెక్స్ తరహా కార్బురేటర్‌లో మెయిన్ జెట్‌కు తిప్పే స్క్రూ ఏదీ ఉండదు. దాని మీద చెక్కిన అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరోవంతుల్లో చెబుతుంది. 120 అంటే 1.20 మి.మీ. దాన్ని మార్చాలంటే జెట్‌నే మార్చాలి.

ఇంజన్ స్లోలో ఉన్నప్పుడు గొంతులో గాలి వేగం చాలదు. థ్రాటిల్ రేకు దాదాపు మూసి ఉంటుంది, దాని కింద మాత్రం పీల్పు తీవ్రంగా ఉంటుంది. ఆ చోటే ఒక చిన్న రంధ్రం, దాని ద్వారా వచ్చే మిశ్రమాన్ని నియంత్రించే వాల్యూమ్ స్క్రూ ఉంటాయి. దానికి కాస్త పైన, మూసిన రేకు అంచుకు ఆనుకుని, మరో ఒకటి రెండు రంధ్రాలుంటాయి. రేకు కొంచెం తెరుచుకోగానే పీల్పు వాటికీ అంది, మెయిన్ జెట్ పని మొదలుపెట్టేదాకా అవి పెట్రోలు ఇస్తాయి. వాటిని మార్పిడి రంధ్రాలు అందాం.

11.6 ఆలస్యపు టైమింగ్ కార్బురేటర్‌ను ఎలా తప్పుదారి పట్టిస్తుంది?

టైమింగ్ ఆలస్యమైతే స్లోలో ఇంజన్‌కు బలం తగ్గుతుంది, ఆగిపోబోతుంది. దాన్ని నిలబెట్టడానికి మెకానిక్ థ్రాటిల్ స్క్రూను బిగిస్తాడు. రేకు మామూలుకన్నా ఎక్కువ తెరుచుకుంటుంది. అప్పుడు మార్పిడి రంధ్రాలు బయటపడి వాటిగుండా కూడా పెట్రోలు రావడం మొదలవుతుంది. ఇప్పుడు వాల్యూమ్ స్క్రూ అదుపులో ఉన్నది మొత్తం పెట్రోలులో కొంత భాగమే. స్క్రూను లోపలికి బిగించినా, బయటికి తీసినా ఇంజన్‌లో పెద్ద మార్పు కనబడదు. "కార్బురేటర్ పోయింది, కొత్తది కొనండి" అన్న మాట చాలాసార్లు ఈ ఘట్టంలోనే వస్తుంది. కార్బురేటర్ పోలేదు. దాన్ని అది పనిచేయవలసిన స్థానంలో ఉండనివ్వలేదు, అంతే.

కథ ఇక్కడితో ఆగదు. రేకు ఎక్కువ తెరుచుకోవడంతో వాక్యూమ్ డబ్బా రంధ్రానికి కూడా స్లోలోనే పీల్పు అందుతుంది. డబ్బా అడ్వాన్స్ లాగుతుంది. గొట్టం ఊడదీయకుండా స్ట్రోబ్ పెట్టి చూసినవారికి టైమింగ్ సరిగానే ఉన్నట్టు కనబడుతుంది! రోడ్డెక్కి పూర్తిగా తొక్కగానే పీల్పు పోతుంది, దొంగ అడ్వాన్స్ పోతుంది, ఆలస్యం బయటపడుతుంది. పికప్ లేదన్న ఫిర్యాదుకు మెయిన్ జెట్ పెంచుతారు. చిక్కని మిశ్రమం త్వరగా కాలుతుంది కనుక కొంత మెరుగైనట్టు అనిపిస్తుంది. ఆ మెరుగుదల ఖరీదు ప్రతి లీటరులోనూ చెల్లించవలసి వస్తుంది. పైగా మిగిలిపోయిన పెట్రోలు సిలిండర్ గోడల మీది నూనెను కడిగేసి రింగుల అరుగుదలను పెంచుతుంది.

అందుచేత ఒక గుర్తు పెట్టుకోండి: వాల్యూమ్ స్క్రూను పూర్తిగా లోపలికి బిగించినా ఇంజన్ ఆగకపోతే, స్క్రూడ్రైవర్ కింద పెట్టి టెస్ట్ ల్యాంపు అందుకోవాలి. టైమింగ్ సరిగా ఉండి కూడా స్క్రూ పనిచేయకపోతే అప్పుడు పైలట్ జెట్‌లో చెత్త, ఫ్లోట్ మట్టం, మానిఫోల్డ్ గాస్కెట్ గాలి లీకు చూడాలి. లీకు అనుమానించిన అతుకుల మీద సబ్బు నీళ్లు చిలకరిస్తే ఇంజన్ వేగం మారుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
సరిగా టైమింగ్ పెట్టిన ఒక కారులో కొంతకాలానికి డ్వెల్ 60నుంచి 64 డిగ్రీలకు మారింది. టైమింగ్ ఏమైంది? స్లోలో ఏ మార్పు కనబడుతుంది?
జవాబు: క్రాంక్ దగ్గర 4 డిగ్రీలు ఆలస్యమైంది. స్లో వేగం తగ్గి ఇంజన్ ఆగబోతుంది. థ్రాటిల్ తెరవకుండా పాయింట్ల ఖాళీ సరిచేయాలి.

11.7 స్లో సెట్టింగ్

ఇంజన్ పూర్తిగా వేడెక్కి, చోక్ తెరిచి ఉండగా ఈ పని చేయాలి. వాల్యూమ్ స్క్రూను మెత్తగా చివరిదాకా మూసి ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయండి. గట్టిగా బిగిస్తే దాని మొన గాడిపడి ఎప్పటికీ పాడవుతుంది. థ్రాటిల్ స్క్రూతో వేగాన్ని 800 చుట్ల దగ్గర పెట్టి, వాల్యూమ్ స్క్రూను రెండువైపులా తిప్పుతూ ఇంజన్ అన్నిటికన్నా వేగంగా, సమంగా నడిచే చోటు వెతకండి. అప్పుడు వేగం పెరిగి ఉంటుంది, థ్రాటిల్ తగ్గించండి. మళ్లీ వాల్యూమ్ స్క్రూ. రెండు మూడు విడతల్లో రెండు స్క్రూలూ కుదురుకుంటాయి. సోలెక్స్‌లో స్క్రూ లోపలికి పోతే మిశ్రమం పలుచన, బయటికి వస్తే చిక్కన. కొన్ని ఇతర కార్బురేటర్లలో ఆ స్క్రూ గాలిని నియంత్రిస్తుంది, అక్కడ ఈ నియమం తలకిందులు.

ఎగ్జాస్ట్ శబ్దం వినడం నేర్చుకోవాలి. చిక్కన ఎక్కువైతే ఇంజన్ ఒక లయలో ఎగిసి పడుతూ నల్ల పొగ వదులుతుంది. పలుచనైతే లయ లేకుండా అక్కడక్కడ తడబడుతుంది, తొక్కినప్పుడు కార్బురేటర్‌లోకి తుమ్ముతుంది. బ్రిటిష్ మోరిస్ కార్లలో కనబడే ఎస్‌యూ కార్బురేటర్‌లో పద్ధతి వేరు. అందులోని పిస్టన్‌ను సుమారు 0.8 మి.మీ. లేపి చూస్తారు. వేగం క్షణం పెరిగి మామూలుకు వస్తే సరి. పెరిగి అలాగే ఉంటే చిక్కన, పడిపోతే పలుచన.

మానిఫోల్డ్‌కు వాక్యూమ్ గేజ్ తగిలిస్తే చెవికి తోడు కన్ను కూడా పనిచేస్తుంది. సముద్రమట్టంలో ఆరోగ్యమైన ఇంజన్ స్లోలో ముల్లు 17-21 అంగుళాల పాదరసం మధ్య కదలకుండా నిలుస్తుంది. కదలకుండానే తక్కువ అంకె చూపితే ముందుగా అనుమానించవలసింది ఆలస్యపు టైమింగ్‌ను. అయితే ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. వాతావరణ పీడనమే అక్కడ దాదాపు 2 అంగుళాలు తక్కువ.

11.8 నేటి పెట్రోలు, నాటి జెట్

2023 ఫిబ్రవరినుంచి మన బంకుల్లో 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై విస్తరించింది. పాత కార్ల యజమానులు మైలేజీ, పికప్ తగ్గాయని చెప్పినప్పుడు మెకానిక్ ఇక్కడ చెప్పిన క్రమాన్ని పాటిస్తూనే ఒక లెక్క తెలిసి ఉండాలి.

ఎథనాల్ ఒక వంతు కాలడానికి 9 వంతుల గాలి చాలు. ఘనపరిమాణంలో 20 శాతం అంటే బరువులో సుమారు 21 శాతం. కాబట్టి ఈ మిశ్రమ ఇంధనానికి కావలసిన గాలి 0.21 × 9 + 0.79 × 14.7, అంటే దాదాపు 13.5 వంతులు. పాత జెట్ మాత్రం 14.7 లెక్కకు తగినట్టే పెట్రోలు వదులుతుంది. గాలి సుమారు 9 శాతం ఎక్కువైంది, మిశ్రమం అంతమేరకు పలుచబడింది. దీన్ని పూరించాలంటే జెట్ రంధ్రం వైశాల్యం దాదాపు 9 శాతం, వ్యాసం 4 శాతం పెరగాలి. 120 జెట్ బదులు 125 జెట్ అన్నమాట. ఇది లెక్క చూపే దిశ మాత్రమే. ఆ కారులో ఇప్పుడున్న జెట్ ఎవరో ముందే పెంచినది కావచ్చు. టైమింగ్ సరిచూసి, ప్లగ్ రంగు చూసి, రోడ్డుపై నడిపి, ఆ తరువాతే జెట్ మార్చాలి.

మైలేజీ విషయంలో యజమానికి ఉన్నమాట చెప్పడం మంచిది. లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులే. సరైన జెట్ పికప్‌ను తిరిగి తెస్తుంది, వాల్వ్‌లను అనవసరపు వేడినుంచి కాపాడుతుంది. పోయిన శక్తినంతా తిరిగి తేలేదు. ఎథనాల్‌కు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువ గనుక టైమింగ్‌ను వెనక్కి తీయవలసిన అవసరం లేదు. పలుచని మిశ్రమపు తడబాటును చూసి కొందరు టైమింగ్ ఆలస్యం చేస్తారు. అది రోగానికి తగని మందు.

జెట్‌కన్నా ముందు చూడవలసినవి రబ్బరు భాగాలు. పాతకాలపు పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లు ఎథనాల్‌కు ఉబ్బి, మెత్తబడి, చిట్లుతాయి. ఎథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని కారులో నీరు అడుగున చేరి ట్యాంకు తుప్పుపడుతుంది, ఆ తుప్పు వచ్చి పైలట్ జెట్‌ను మూస్తుంది. ఎథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేసి, పంపుకు ముందు ఫిల్టరు పెట్టాకే ట్యూనింగ్ చేపట్టాలి. వేడి ఇంజన్ మీద కారే గొట్టంతో ఏ ట్యూనింగూ చేయరాదు.

11.9 అభ్యాసం

1. పాయింట్లు, టైమింగ్, వాల్యూమ్ స్క్రూ – ఈ మూడింటిని ఇదే క్రమంలో ఎందుకు సరిచేయాలి? క్రమం తప్పితే ఏ దశలో ఏ పొరపాటు జరుగుతుందో రాయండి.

2. వాక్యూమ్ గొట్టం ఊడదీయకుండా స్లోలో స్ట్రోబ్‌తో చూస్తే టైమింగ్ సరిగా కనబడింది. ఊడదీసి కొస మూయగానే 8 డిగ్రీలు వెనక్కి పోయింది. థ్రాటిల్ రేకు స్థానం గురించి మీరు ఏమి గ్రహిస్తారు?

3. విశాఖపట్నంలో ట్యూనింగ్ చేసినప్పుడు వాక్యూమ్ గేజ్ 19 అంగుళాలు చూపిన కారు హైదరాబాద్‌లో 17 చూపింది. ముల్లు కదలకుండా ఉంది, వాల్యూమ్ స్క్రూ మామూలుగానే పనిచేస్తోంది. టైమింగ్ మార్చాలా? కారణంతో సహా రాయండి.

4. 115 జెట్ ఉన్న కార్బురేటర్‌కు 11.8లోని పద్ధతిలో 20 శాతం ఎథనాల్ పెట్రోలుకు సరిపడే జెట్ అంకెను లెక్కించండి. ఆ జెట్ బిగించే ముందు కారులో మీరు సరిచూసే నాలుగు అంశాలు పేర్కొనండి.